రేడియోలో చెప్పకూడని కబురు

పోర్ట్ షెప్‌స్టోన్
ఫిబ్రవరి 1994

ఎల్సీ వదిన గారికి,

మీ మరదలు కోగీ నమస్కరించి రాస్తోంది. మేం బాగానే ఉన్నాం. మీరెలా ఉన్నారని అడగక్కర్లేదు. మా ఆయన గొంతు రోజూ రేడియోలో మీ చెవిన పడుతూనే ఉంది, మీకేం లోటు?

ఫోన్ చెయ్యక ఉత్తరం ఎందుకంటే, ఫోన్లో మీతో నేను నెగ్గలేను. యార్డులో ఉన్న లారీలన్నిటినీ నోటితో నడిపే మనిషి మీరు. పైగా మాకు ఫోన్ లేదు, పక్కింటి రాయ్ వాళ్ళింట్లో నిలబడి మాట్లాడాలి. తెలుగులో ఎందుకంటే మీ మేనకోడలు యువికాకి పదకొండో ఏడు వచ్చింది, ఇంగ్లీషు కాగితం కనిపిస్తే చదవకుండా వదలదు. శనివారం తెలుగు బడిలో మేష్టారి చేత బెత్తం దెబ్బలు తిని నేర్చుకున్న అక్షరాలు ఇన్నాళ్ళకు పనికొచ్చాయి. తప్పులుంటే దిద్దుకోండి.

మొన్న శనివారం మీ తమ్ముడు ఇంటికి రావాలి. పొద్దున్నే తలంటుకుని, మటన్ కూర పొయ్యి మీద పెట్టి, గుమ్మంలో కూర్చున్నాను. పన్నెండేళ్ళ కాపురం తర్వాత కూడా కొత్త పెళ్ళికూతురిలా కూర్చున్నానని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి. అప్పుడు రాయ్ గోడ మీదనుంచి తొంగి చూసి, "కోగీ, ఎల్సీ ఆంటీ ఫోన్ చేసింది, వాసీ రావట్లేదట, హరారే లోడు పడిందట" అన్నాడు. నా మొగుడు ఎక్కడున్నాడో ముందు మీకు తెలియాలి, తర్వాత రాయ్‌కి తెలియాలి, ఆఖరికి నాకు.

డిసెంబర్లో క్యారేజీ ఇవ్వడానికి యార్డుకొచ్చాను, గుర్తుందా? కంట్రోల్ గదిలో మీరు మైకు పట్టుకుని, "ఒరే వాసీ, తిన్నావా?" అన్నారు. "తిన్నానక్కా, ఓవర్" అని ఆయన నవ్వాడు. జులూ డ్రైవర్లు కూడా వరసగా "తిన్నావా, తిన్నావా" అని మీతో పరాచికాలాడారు. గదంతా నవ్వులే. ఆ నవ్వు మా ఇంట్లో విని ఎన్నాళ్ళయిందో మీకు తెలుసా? నాకు కడుపు మండింది వదినా. దాచుకోను.

లోడు ఇచ్చేది మీరు. ఇంకో డ్రైవరుకి ఇవ్వలేరా? ఆయన్ని మీ దగ్గరే కట్టేసుకోవాలనుందా?

మీ మరదలు
కోగీ


రైస్‌థార్ప్
ఫిబ్రవరి 1994

కోగీకి,

ఉత్తరం అందింది. తప్పులు దిద్దాను. "కట్టేసుకోవాలనుందా" అన్న చోట దిద్దడం నాకు చేతకాలేదు.

కంట్రోలు అంటే నీ వంటింట్లో గరిటె అనుకుంటున్నావా? ఎవరి వరస వస్తే వాళ్ళకి లోడు పడుతుంది. తమ్ముడని వాసీని వెనక్కి నెడితే రేపు మిగతా వాళ్ళు నా మొహాన ఉమ్ముతారు. ఆడది కుర్చీలో కూర్చుందని ఇప్పటికే ఏడ్చే మగాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు.

వాడు పోయిన నెల ఇంటికొచ్చినప్పుడు బండి లైసెన్సు సంగతో, పిల్ల బడి సంగతో ఏమైనా నెత్తిన రుద్దలేదు కదా? పెళ్ళినాడు నీకు ఒక్కటే మాట చెప్పాను. బండి మీద ఉన్నవాడికి చెడ్డ కబురు చెప్పకూడదు. రేడియోలో చెప్పకూడదు, ఇంటికొచ్చినప్పుడూ చెప్పకూడదు, ఎందుకంటే మర్నాడు మళ్ళీ బండెక్కాలి. నేనీ ఆఫీసులో టీ కాచే రోజుల్లో, అప్పటి కంట్రోలరు ఒక డ్రైవరుకి వాళ్ళమ్మ పోయిందని మైకులో చెప్పాడు. అతను అప్పుడు వాన్ రీనన్ ఘాట్ దిగుతున్నాడు. కింద మలుపు దాకా కూడా రాలేదు. ఆ కుర్చీలో నేను కూర్చున్న రోజునుంచి ఈ గదిలోంచి ఒక్క చెడ్డ కబురు బయటికి పోలేదు.

నవ్వు సంగతంటావా. అమ్మ పోయినప్పుడు వాడికి ఐదేళ్ళు. పెరుగన్నం ముద్దలు కలిపి నోట్లో పెట్టింది ఈ చెయ్యి. తిన్నావా అని అడిగే హక్కు నాకు నీకంటే ముందునుంచీ ఉంది. మండితే మండనీ.

యువికాకి ముద్దులు.

ఎల్సీ


పోర్ట్ షెప్‌స్టోన్
మే 1994

వదిన గారికి,

దేశమంతా పండగ చేసుకుంది. నేను చేసుకోలేదు.

ఇన్నాళ్ళూ తెల్లవాళ్ళు మన ఇండియన్లకు పారేసిన ఎంగిలి ఓటు కాదు, అందరూ కలిసి వేసే అసలైన ఓటు. ఆయనా నేనూ పక్కపక్కన నిలబడి వేద్దామని కిందటేడే అనుకున్నాం. ఆకుపచ్చ చీర ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను. ఆ పొద్దున రాయ్ మళ్ళీ గోడ దగ్గరికి వచ్చాడు. "ఎల్సీ ఆంటీ చెప్పమంది, వాసీ బోర్డరు దగ్గర మెసీనాలో ఉన్నాడట, అక్కడే క్యూలో నిలబడి వేసేస్తాడట." ఎక్కడైనా వెయ్యొచ్చని నాకూ తెలుసు వదినా. ఎక్కడైనా వెయ్యొచ్చు గనక నా పక్కన కూడా వెయ్యొచ్చు కదా?

వరస, వరస అంటారు. ఆ వరస ఎప్పుడూ పండగ ముందే వస్తుంది, యువికా పుట్టినరోజు ముందే వస్తుంది. నేను రాయ్ వాళ్ళమ్మని ఎండలో ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో గొడుగు పట్టుకుని గంటలకొద్దీ నిలబడ్డాను. మా ముందూ వెనకా మొగుడూ పెళ్ళాలే. ఒక జులూ ముసలాయన భార్య చెప్పుల్లో ఇసక దులిపి మళ్ళీ తొడిగాడు. అది చూసి నాకు ఏడుపొచ్చింది. స్వాతంత్ర్యం వచ్చి ఏడుస్తోందనుకున్నారు అందరూ.

మీరు చెప్పినట్టే చేస్తున్నాను. ఆయనకి ఒక్క చెడ్డ మాట చెప్పలేదు. వచ్చినప్పుడు వేణ్ణీళ్ళు, ఉతికిన తువ్వాలు, మంచి పళ్ళెం. యువికాని "నాన్న పడుకున్నాడు, మాట్లాడకు" అని పెరట్లోకి తోలేస్తాను. కుళాయి కారితే ఆయన రాకముందే రాయ్ చేత బాగు చేయిస్తాను. రాయ్ మున్సిపాలిటీలో ప్లంబరు, పిలిస్తే చాలు వస్తాడు. గాజు బొమ్మలా చూసుకుంటున్నాను మీ తమ్ముణ్ణి. అయినా మీరు ఆయన్ని నాకు ఇవ్వరు.

ఓటు వేశాక ఆయన మీతో రేడియోలో ఏమన్నాడు? అదైనా చెప్పండి. నాకైతే ఏమీ అనలేదు.

కోగీ


రైస్‌థార్ప్
మే 1994

కోగీ,

ఏమన్నాడంటే, "వేశానక్కా, ఓవర్" అన్నాడు. అంతే. నీకు రాసి పంపేంత కబురు కాదు.

నన్ను తిట్టుకో. నా చర్మం మందం. వాణ్ణి మాత్రం ఏమీ అనకు.

ఎల్సీ


పోర్ట్ షెప్‌స్టోన్
ఆగస్టు 1994

వదిన గారికి,

ఈసారి వంకలు వద్దు. నిజం రాయండి.

మీ యార్డులోనే బండి తోలే బేసిల్ భార్య ఐరీన్ మొన్న మార్కెట్లో కనిపించింది. కాలీఫ్లవర్ ఏరుకుంటూ నవ్వుతూ అంది: "మీ వాసీ దేవుడమ్మా. మా బేసిల్‌కి దూరం లోడు పడ్డప్పుడల్లా తనే తీసుకుని, మా వాణ్ణి ఇంటికి పంపిస్తున్నాడు. ఈ ఏడాదిలో ఒక్క శనివారం కూడా మా ఆయన ఇంట్లో లేకుండా లేడు."

కాలీఫ్లవర్ అక్కడే పడేసి వచ్చాను. నా శనివారాలన్నీ ఐరీన్ ఇంట్లో ఉన్నాయా వదినా? నా మొగుడు తనంతట తానే ఇచ్చేశాడా?

ఇన్నాళ్ళూ నేను మీ మీద పళ్ళు నూరాను. దేవుడి దీపం ముందు నిలబడి మీ గొంతు పోవాలని కోరుకున్నాను, ఒకసారి కాదు. మీరు ఉత్తరాల్లో వరస అని రాస్తూ నన్ను నమ్మించారు. ఎందుకు?

ఎవరైనా ఉన్నారా? ఆ మెసీనాలోనో, హరారేలోనో? ఉంటే చెప్పండి. జూన్‌లో సార్డిన్ చేపలు ఒడ్డుకు కొట్టుకొచ్చినప్పుడు ఊరంతా బుట్టలతో పరిగెత్తింది. యువికా పాప ఫ్రాకు నిండా పట్టుకొచ్చింది. ఆయనొచ్చే రోజుకని దాచి, చింతపండు పులుసు పెట్టాను. రెండు ముద్దలు కెలికి ఆకలి లేదన్నాడు. నా చేతి చేపల పులుసు వద్దన్న మగాడికి ఇంకెక్కడో అన్నం దొరుకుతున్నట్టే కదా?

నాకు నిద్ర లేదు. రాయండి.

కోగీ


రైస్‌థార్ప్
ఆగస్టు 1994

కోగీకి,

ఎవరూ లేరు. ముందు అది చదువుకుని, కాసిని మంచినీళ్ళు తాగి, మిగతాది చదువు.

లోడు వరస ప్రకారమే పడుతుంది. కానీ డ్రైవర్లు తమలో తాము మార్చుకోవచ్చు. ఏడాది పైనుంచీ వాడే మార్చుకుంటున్నాడు. నేను అడిగితే తల వంచుకుని నిలబడ్డాడు. చిన్నప్పుడు పలక పగలగొట్టి నిలబడినట్టే. తర్వాత చెప్పాడు.

"ఇంటికెళ్తే చుట్టంలా ఉంటున్నానక్కా. మంచి పళ్ళెం తీస్తుంది. పెళ్ళికొచ్చిన వియ్యంకుడిలా కూర్చోబెడుతుంది. గీజరు కొత్తది ఉంది, ఎవరు పెట్టారంటే రాయ్. గేటుకి రంగు ఉంది, రాయ్. పిల్ల లెక్కలు ఎవరు చెబుతున్నారంటే రాయ్. ఫోన్ చేస్తే ఎత్తేది కూడా రాయే. సార్డిన్లు వండింది, ఎవరు పట్టారంటే, ‘రాయ్ అంకుల్ నన్ను తీసుకెళ్ళాడు నాన్నా’ అంది పిల్ల. ముద్ద దిగలేదు. ఆ ఇంట్లో నాకు పని లేదక్కా. బండిలో ఉంటే కనీసం బండికి నేను కావాలి."

ఇదీ సంగతి. నీ మీద అనుమానం కాదు, అది వాడు ఒట్టేసి చెప్పాడు. ఆ ఇల్లు తను లేకుండా చక్కగా నడుస్తోందని కుళ్ళు.

నేను నీకెందుకు చెప్పలేదంటే, నువ్వు నన్ను తిట్టుకుంటే వాణ్ణి తిట్టుకోవు అనుకున్నాను. ఆడపడుచుని తిట్టుకున్న కాపురాలు నిలబడతాయి, మొగుణ్ణి తిట్టుకున్నవి నిలబడవు. అది సగం. మిగతా సగం కూడా రాస్తాను, నువ్వు ఎలాగూ పసిగడతావు. వాడు దూరం పోతే రోజూ సాయంత్రం నాతో మాట్లాడతాడు. ఇంటికొస్తే ఆ రెండు రోజులూ నా రేడియో మూగగా ఉంటుంది. ఈ ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను కోగీ. నువ్వు గుమ్మంలో కూర్చుని ఎదురు చూశానని రాసినప్పుడు, నీకు ఎదురు చూడ్డానికి ఒక మనిషి ఉన్నాడని నాకూ మండింది.

ఇప్పుడు అసలు కబురు. నన్ను జొహన్నెస్‌బర్గ్ యార్డుకి మార్చెయ్యక్కా అని అడిగాడు. అక్కడనుంచి ఇంకా దూరం, లుసాకా దాకా బండ్లు నడుస్తాయి. వెళ్తే మూణ్ణెల్లకోసారి ఇంటికొస్తాడు, వస్తే. ఇంకా పైకి చెప్పలేదు నేను. పురటాసి నెల అయ్యేలోపు, అంటే అక్టోబరు సగానికల్లా, మేనేజరుకి ఏదో ఒకటి చెప్పాలి. అక్కడి కంట్రోలరు వేరే మనిషి. అంటే నాకూ పోతాడు.

ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు. నాకు తోచకపోవడం నువ్వెప్పుడూ చూసి ఉండవు.

ఎల్సీ


పోర్ట్ షెప్‌స్టోన్
సెప్టెంబర్ 1994

వదిన గారికి,

మీ ఉత్తరం చదివి మొదట కోపమొచ్చింది. మంచి పళ్ళెం నచ్చలేదా మహానుభావుడికి! దాన్ని నేను చింతపండు పెట్టి తోముతాను ప్రతిసారీ. తర్వాత పెరట్లో కూర్చుని చాలాసేపు ఆలోచించాను. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు.

చెడ్డ కబురు చెప్పొద్దని మీరన్నారు. నేను విన్నాను. చెడ్డ కబుర్లన్నీ ఏరి పక్కన పెడితే చెప్పుకోవడానికి ఏం మిగిలింది వదినా? "తిన్నావా", "పడుకో". కుళాయి కారడం, పిల్ల ఏడవడం, నేను భయపడటం, సంసారమంటే అవే కదా. అవన్నీ రాయ్‌కి ఇచ్చేసి, ఆయనకి తువ్వాలు ఇచ్చాను. మీ ఘాట్ దగ్గర పోయిన డ్రైవరు మీద ఒట్టు, నేను ఆయన మంచికే చేశాను. మీరూ ఆయన మంచికే చెప్పారు. ఇద్దరం కలిసి ఆ మనిషిని ఇంట్లోంచి గెంటేశాం.

ఇప్పుడు నేను చెప్పినట్టు మీరు చెయ్యాలి. మొన్నటి గాలివానకి వెనక వంటింటి కప్పు మీద రేకు లేచిపోయింది. రాయ్ నిచ్చెన తెచ్చి గోడకి వేశాడు. ఎక్కొద్దన్నాను. పాపం, ఆ మంచి మనిషికి ఏం అర్థం కాలేదు. పొయ్యి పక్కన బకెట్ పెట్టి వండుతున్నాను, పురటాసి శనివారం దేవుడి వంట కూడా అలాగే చేశాను, సాంబారులో వాన పడింది.

ఈ కబురు రేడియోలో చెప్పండి. ఆయన వచ్చాక నేను చెబితే పళ్ళెం ముందు కూర్చుని చుట్టంలా తలూపుతాడు. మీ నోటితో, అందరూ వింటుండగా, ఆ గదిలోంచి వెళ్ళాలి. రేకు లేచిపోయింది. యువికా కొత్త బడిలో లెక్కల్లో తప్పింది, పైగా ఒక పిల్లని కొరికింది, హెడ్మిస్ట్రెస్ తండ్రిని రమ్మంది. నేను రాత్రిళ్ళు మగతోడు లేక తలుపుకి బల్ల అడ్డం పెట్టుకుని పడుకుంటున్నాను. అన్నీ చెప్పండి. మంచి మాట ఒక్కటి కూడా కలపకండి.

భయమేస్తోంది. ఆయన బండి ఆపి ఉన్నప్పుడు చూసి చెప్పండి.

కోగీ


రైస్‌థార్ప్
అక్టోబర్ 1994

కోగీకి,

నీ ఉత్తరం చాలా రోజులు నా సంచిలోనే ఉంది. మైకు దగ్గరికి తీసుకెళ్ళడం, వెనక్కి తేవడం. ఆ డ్రైవరు గుర్తొచ్చేవాడు.

నిన్న సాయంత్రం వాసీ మెసీనాలో, బోర్డరు క్యూలో ఉన్నాడు. ఇంజను ఆపావా అని అడిగాను. ఆపానన్నాడు. బ్రేకు వేశావా అన్నాను. "ఏంటక్కా, లైసెన్సు పరీక్షా?" అని నవ్వాడు. ఆ నవ్వు ఇంట్లో విని ఎన్నాళ్ళో అయిందని రాశావు గనక చెబుతున్నాను. తాళం చెవి తీసి జేబులో వేసుకోమన్నాను. అప్పుడు నవ్వడం మానేశాడు.

చెప్పాను. తెలుగులో మొదలుపెట్టాను, రేకు అన్న మాట తర్వాత నాకు తెలుగు అందలేదు, ఇంగ్లీషులోకి పోయాను. దారిలో ఉన్న ప్రతి బండీ వింటోంది. కప్పు, బకెట్, సాంబారు, కొరుకుడు, తలుపుకి అడ్డం పెట్టిన బల్ల. గోడకి రాయ్ నిచ్చెన వేసి ఉందని ఆఖర్న చెప్పాను. అది నువ్వు చెప్పమనలేదు, నా సొంతం.

రేడియో గరగర తప్ప ఏమీ లేదు. చంపేశానే వీణ్ణి అనుకున్నాను.

అప్పుడు అరిచాడు. "అక్కా, ఆ రాయ్‌ని నిచ్చెన తియ్యమను! నా కప్పు మీద వాడెవడు ఎక్కడానికి? ఒక్క రేకు ముట్టుకోవద్దని చెప్పు. బడికి నేనొస్తాను. దానికి పళ్ళు ఎక్కువయ్యాయి, నేను మాట్లాడతాను. కోగీ నాకెందుకు చెప్పలేదు? అందరికీ చెబుతుంది, నాకెందుకు చెప్పలేదు?"

ఎవరో బండిలోంచి జులూలో ఏదో అంటే అందరూ నవ్వారు. "పోరా వాసీ, ఇంటికి పోయి కప్పు కొట్టుకో" అని అక్కడే లోడు దింపి తిరిగొస్తున్న బేసిల్ అరిచాడు. ఇంటికొచ్చే తన బండి వాడికిచ్చి, ఈ లోడు బోర్డరు ఆవలికి తనే తోలతానన్నాడు. ఐరీన్ ఈ శనివారం ఒంటరిగా ఉంటుంది, నువ్వు సంతోషించు.

జొహన్నెస్‌బర్గ్ మాట నేనే ఎత్తాను. "ఇప్పుడు అదెందుకక్కా?" అన్నాడు. మేనేజరుకి చెప్పడానికి అది చాలు.

ఒక సంగతి. ఇన్నేళ్ళలో వాడు నాతో మాట్లాడిన ప్రతిసారీ చివర్న "ఓవర్" అనేవాడు. నిన్న అనలేదు. నీ పేరు ఎత్తాక ఆ మాటే మర్చిపోయి వెళ్ళిపోయాడు. నేనే "ఓవర్" అని మైకు పెట్టేశాను.

ఎల్సీ


పోర్ట్ షెప్‌స్టోన్
అక్టోబర్ 1994

వదినకి,

మీ తమ్ముడు కప్పు మీద ఉన్నాడు. పొద్దుట్నుంచీ ఉన్నాడు. బొటనవేలు ఒకసారి చితక్కొట్టుకున్నాడు, రేకు ఒకసారి తిరగేసి కొట్టాడు. ఇప్పుడు ఇదివరకటి కంటే ఎక్కువ కారుతోంది. రాయ్ అరగంటలో చేసేవాడు. ఈ మాట మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

రాయ్ నిచ్చెన మాత్రం వాడుకుంటున్నాడు, మరి మాకు నిచ్చెన లేదు. రాయ్ వాళ్ళమ్మకి పులిహోర పంపించాను. ఆ తల్లీకొడుకులకి ఈయన కోపం ఎందుకో ఇప్పటికీ తెలియదు.

రాగానే బూట్లైనా విప్పకుండా, "ఇంకేం పాడయ్యాయి?" అని అడిగాడు. కూర్చోబెట్టి చెప్పడం మొదలెట్టాను. ఎన్నేళ్ళవో ఉన్నాయి వదినా. చెబుతూ చెబుతూ నేను ఏడ్చాను, ఆయనా కళ్ళు తుడుచుకున్నాడు. మంచి పళ్ళెం అటక మీద పెట్టేశాను. యువికా తినే సొట్ట గిన్నెలో తిన్నాడు, రెండోసారి వడ్డించమన్నాడు. రేపు బడికి వెళ్తాడు, చొక్కా ఇస్త్రీ తనే చేసుకుని కాలర్ కాల్చుకున్నాడు.

మీ గొంతు పోవాలని మొక్కుకున్నాను కదా, ఆ మొక్కు వెనక్కి తీసుకున్నాను. దీపం పెట్టి చెప్పాను.

ఆయన ఇంటికొస్తే మీ రేడియో మూగగా ఉంటుందని రాశారు. ఆదివారం బస్సెక్కి రండి. వానొస్తే బకెట్ పక్కన కూర్చుందురు గాని. మీకూ, మీ తమ్ముడికీ నేనే వడ్డిస్తాను.

కానీ ఒక్క మాట ముందే చెబుతున్నాను, తర్వాత అనుకోవద్దు. ఈ ఇంట్లో ఆయన్ని "తిన్నావా" అని ముందు నేనే అడుగుతాను. మిమ్మల్ని ఆయన అడుగుతాడు.

మీ మరదలు
కోగీ